అమ్మ నాటిన మాట

ఆ చలికాలం మేం ఓడిపోయి ఉంటే ఈ సంగతి ఎవరికీ చెప్పేదాన్ని కాదు. ఓడిన కథలు చెప్పుకునేంత మంచితనం నాకు లేదు. పైగా మొదటి తప్పు నాదే.

అది 2017. మా నాన్న సూరిబాబు రాయ్‌పూర్ రైల్వేలో ట్రాక్‌మన్. టెక్కలి దగ్గర పల్లె నుంచి వచ్చి ముప్పై ఏళ్ళపాటు పట్టాల వెంబడి నడిచిన మనిషి. వచ్చే ఫిబ్రవరి ఆఖరుకి రిటైర్ కావాలి. నేను సిల్తారాలో ఒక ఉక్కు కంపెనీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగంలో కొత్తగా చేరాను. పొద్దున్నే కంపెనీ బస్సు, మెడలో ఐడీ కార్డు. ఇంటికొచ్చాక కూడా ఓ గంటసేపు ఆ కార్డు తీసేదాన్ని కాదు. ఆ వయసులో నేను అలాంటిదాన్ని.

మా అమ్మ బంగారమ్మ గుఢియారీ బజార్లో ఉల్లికాడలు అమ్మేది.

ఈ వాక్యం రాయడానికి ఇప్పుడు అర క్షణం పట్టింది. నోటితో అనడానికి నాకు ఇరవై నాలుగేళ్ళు పట్టింది.

మా క్వార్టర్ల లైన్లో తెలుగువాళ్ళవి పన్నెండు ఇళ్ళు. అందరికీ నెల జీతం. ఆ ఇళ్ళలో ఆడవాళ్ళు పచ్చళ్ళు పెట్టి ఇవ్వచ్చు, జాకెట్లు కుట్టచ్చు, చీటీలు నడపచ్చు. బజార్లో గోనెపట్టా పరుచుకుని కూర్చోవడం మాత్రం లేదు. మా అమ్మ కూర్చుంది. అందుకని మా ఇంట్లో ఆ పనికి పేరు లేదు. "మీ అమ్మేదే?" అని ఎవరైనా అడిగితే "బయటికెళ్ళింది" అనేవాళ్ళం, నేనూ నాన్నా. అలా దాదాపు ఇరవై ఏళ్ళు మా అమ్మ బయటికి వెళ్ళింది.

అమ్మ పద్ధతి చెప్పాలి. గుఢియారీలో ఉల్లిపాయల గోదాముల ముందు మొలకెత్తిన పాయలు కుప్పగా పారేస్తారు. అవి ఇక అమ్ముడుపోవు. అమ్మ వాటిలో కుళ్ళనివి ఏరి బుట్టలో తెచ్చేది. కూరగాయలు పండించుకోవడానికని రైల్వేవాళ్ళు నాన్నకి క్వార్టర్ల వెనక ఇచ్చిన చిన్న జాగాలో, దీపావళి వెళ్ళిన వారం వాటిని వరసగా గుచ్చేది. నెల తిరిగేసరికి ఒక్కో పాయ నుంచి నాలుగైదు కాడలు లేచేవి. పీకి, కడిగి, పది కాడలు చేతిలోకి తీసుకుని, తెల్లటి తలలన్నీ ఒక్క వరసకి వచ్చేలా అరచేతి మీద రెండుసార్లు తట్టేది. వాటిలోంచే కాస్త వాడిన ఆకు ఒకటి తీసి చుట్టి ముడేసేది. దారం లేదు, రబ్బరు బ్యాండు లేదు. కట్ట విప్పాక ముడేసిన ఆకు కూడా కూరలోకి పనికొస్తుంది.

ఇంత చక్కటి పని చేసే మనిషిని నేను దాచిపెట్టాను.

తప్పు జరిగింది ఆగస్టులో. మా ఆఫీసులో నా పక్క సీటు పూర్ణిమ మొదటిసారి మా ఇంటికొచ్చింది. తెలీబంధా వైపు పెద్ద ఫ్లాట్లో ఉండే పిల్ల. అమ్మ వంటింట్లో బజ్జీలు వేస్తోంది. వానలకి ఆ వారమంతా బజారు నీళ్ళలో ఉంది గనక, బజారువాళ్ళ లెక్క రాసుకునే సర్వే పిల్లలు ఇళ్ళ చుట్టూ తిరుగుతున్నారు. చేతిలో ట్యాబ్ పట్టుకుని ఒకమ్మాయి మా గుమ్మంలోకి వచ్చింది.

"బజార్లో కూర్చునే బాయి ఒకరు ఇక్కడ ఉంటారని చెప్పారు. ఇదేనా ఇల్లు?" అని హిందీలో అడిగింది.

పూర్ణిమ చాయ్ కప్పు ఎత్తబోయి నా వైపు చూసింది.

"కాదు. మా ఇంట్లో ఎవరూ ఏమీ అమ్మరు. పాపా రైల్వేలో ఉన్నారు" అన్నాను.

మా కాలనీలో ఎవరు ఏమడిగినా అదే జవాబు. ఆ అమ్మాయి సారీ చెప్పి వెళ్ళిపోయింది. వంటింట్లో నూనె చప్పుడు ఆగలేదు. అమ్మ వినలేదనుకున్నాను. పూర్ణిమ బజ్జీలు ఎనిమిది తింది.

నవంబరులో ఒక ఆదివారం అమ్మ నా మంచం దగ్గరికొచ్చి నిలబడింది.

"ఒలే మాలతీ, నాతో ఒకపాలి బజారుకి రాగలవేటి? పేర్లు అంటించినారంట. హిందీలో ఉన్నాయి. నా పక్కన కూకునే బిసాహిన్ నా పేరు నేదంతంది. దానికి కళ్ళు సరిగ్గా కనపడవు. నువ్వు సూడు."

మార్కెట్ కమిటీవాళ్ళు కొత్తగా రేకుల షెడ్డు కట్టారు. సిమెంటుతో ముప్పై ఆరు అరుగులు. వానా ఎండా పడవు, ఎవరూ లేపెయ్యరు. ఎవరి అరుగు వాళ్ళ పేరు మీదే ఉంటుంది. సర్వేలో ఉన్నవాళ్ళకే అరుగు. ఆ జాబితా కమిటీ గది తలుపు మీద అంటించి ఉంది. నేను పైనుంచి కిందికి మూడుసార్లు చదివాను. నాలుగోసారి అవసరం లేదు. ఎందుకు లేదో నాకు రెండోసారికే అర్థమైంది.

"'బ' దగ్గర సూడు. బంగారమ్మ అని రాయకపోతే బంగారీ అని రాసుంటారు" అంది అమ్మ.

"లేదమ్మా."

అమ్మ తలుపుకేసి చూస్తూ కొంగు నడుం దగ్గర దోపుకుంది.

కమిటీ సెక్రటరీ దేవాంగన్ జీ తెల్ల మీసాలాయన. మాట కరుకు గానీ తప్పుడు మనిషి కాదు. పేరు తప్పిపోయినవాళ్ళ కోసం మూడు అరుగులు ఆపామనీ, జనవరి ఆఖరి ఆదివారం షెడ్డులోనే అందరి ముందూ వింటామనీ చెప్పాడు. పదేళ్ళకి ముందునుంచీ ఇక్కడ అమ్ముతున్నట్టు ఏదైనా రాసినదో, అచ్చువేసినదో చూపించాలి.

"పక్కనున్న బాయిలని సాక్ష్యం తెస్తే?" అన్నాను.

"తెచ్చారు. ఒకాయన తన బావమరదులు ఐదుగుర్ని తెచ్చి నిలబెట్టాడు. ఐదుగురూ ఒకే అబద్ధం చెప్పారు. అందుకే నోటిమాట చెల్లదు."

బజార్లో కూర్చున్నందుకు అమ్మ రోజూ కట్టే రుసుముకి చీటీలు ఇచ్చేవారు. వాటి మీద పేరుండదు. పైగా అమ్మ వాటితోనే పొయ్యి రాజేసేది.

ఇంటికొచ్చాక నాన్న విషయం విని తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "పోనీలే. పెన్షన్ వొస్తాది గదా. ఇకనన్నా ఇంట్లో కూకోమను మీ అమ్మని" అన్నాడు, అమ్మ అక్కడే ఉన్నా నాతో.

అమ్మ బియ్యం చాట కింద పెట్టింది.

"ఏ ఇంట్లోన? మార్చి వస్తే ఈ కోటరూ నేదు, ఎనకాల జాగా నేదు. నీకు పెన్షన్ ఉన్నాది, దీనికి నవుకరీ ఉన్నాది. నాకేటున్నాది ఈ ఊర్లో? గోనెపట్టా అంత సోటు. అదీ నేదంటే నేను మరెక్కడికెల్లాల?"

అమ్మ అంత పొడుగు మాట ఇంట్లో అనడం నేను వినలేదు. నాన్న బయటికెళ్ళి సైకిలు తుడవడం మొదలెట్టాడు. ఆ సైకిలు పొద్దున్నే తుడిచాడు.

నేను వంటింట్లోకి వెళ్ళి చెప్పేశాను. ఆగస్టులో సర్వే పిల్ల వచ్చిందనీ, నేనేమన్నానో, పూర్ణిమ ముందు ఎందుకన్నానో అంతా. ఏడుపొచ్చింది. చెప్పడానికి సిగ్గెందుకు, వెక్కివెక్కి ఏడ్చాను.

"నాకు తెలుసు" అంది అమ్మ.

"నీకు తెలుసా?"

"బజ్జీలేస్తంటే సెవులు మూసుకుపోతాయేటే?"

"మరి నన్నేం అనలేదేం?"

"ఏటనాల? నువ్వు కొత్తగా సెప్పినావేటి? ఒకటో క్లాసు కాడ్నించీ అదే సెప్తన్నావు గదా."

"తిట్టమ్మా. తిట్టు నన్ను."

"తిట్టడానికి టైం నేదు నాకు. ఆ పేరు మళ్ళీ ఎక్కించడం నీకు సేతనవతాదా అవదా? అది సెప్పు."

అవుతుందన్నాను. ఎలాగో నాకు తెలీదు. ఆ మాట అనకపోతే ఆ వంటింట్లోంచి బయటికి రాలేకపోయేదాన్ని.

డిసెంబరు ఆదివారాలు నేను బజార్లో అమ్మ పక్కన కూర్చున్నాను. మొదటి ఆదివారం దుపట్టా తలమీంచి కప్పుకుని, జబ్బు చేసినదాన్ని పక్కన కూర్చోబెట్టినట్టు కూర్చున్నాను. అమ్మకి కుడిపక్కన బిసాహిన్ బాయి. ఆవిడ ఈ నేల మనిషి, ఛత్తీస్‌గఢీ తప్ప మరో భాష మాట్లాడదు. కాలికి లావు వెండి కడియాలు, నోట్లో పొగాకు. నన్ను 'నోనీ' అని పిలిచేది, అంటే అమ్మాయీ అని.

అక్కడ కూర్చుంటే గానీ నాకు ఆ మాట చెవిన పడలేదు. పడలేదని కాదు, పట్టించుకోలేదు.

"దీదీ, దో జూడీ కాడా!" "కాడా తాజా హై?" "బాయీ, కాడా కైసే?" అంటూ రెండు కట్టలిమ్మనీ, తాజావేనా అనీ, ఎంతకిస్తావనీ వచ్చినవాళ్ళంతా అడుగుతున్నారు. సింధీ సేఠాణీ, మార్వాడీ ఇంటి వంటమనిషి, స్కూలు టీచరు, అందరికీ అది కాడానే. ఎదురుగా కోడిగుడ్ల బండి రాజేష్ కూడా "బంగారీ దీదీ, చార్ జూడీ కాడా భేజో!" అని అరిచేవాడు.

నేను రాయ్‌పూర్‌లో పుట్టి పెరిగాను. ఇంట్లో ఉల్లికాడలు అనేవాళ్ళం. స్కూలు పుస్తకంలో హరా ప్యాజ్ అని ఉండేది. గుఢియారీ చుట్టుపక్కల కాడా. మూడూ మూడు అరల్లో పెట్టుకున్నాను. కాడా అంటే ఇక్కడి మాటే అనుకున్నాను. ఆ పగలు ఎండ వీపుకి తగులుతుంటే, అమ్మ కట్టలు కడుతూ తనలో తను "ఈ కాడ ముదిరిపోనాది" అని గొణిగితే, ఆ రెండూ ఒకటే మాటని నాకు తట్టింది.

"అమ్మా, ఈ కాడా అనే మాట వీళ్ళకి ఎక్కడిది?"

"ఈళ్ళదే. మనదగ్గరా కాడే, ఈళ్ళ దగ్గరా కాడే. బాగున్నాదిలే, ఒక్క మాటన్నా నేర్చుకునే పని తప్పిందనుకున్నాను."

బిసాహిన్ని అడిగాను. ఆవిడ పొగాకు పక్కకి ఉమ్మేసి, కడియాలు గలగలమనేలా నవ్వింది.

"హమన్ తో గోందలీ భాజీ కహత్ రహేన్, నోనీ! కాడా తో తోర్ దాయీ లానిస్."

మేం గోందలీ భాజీ, అంటే ఉల్లి ఆకుకూర, అనేవాళ్ళం, కాడా మీ అమ్మే తెచ్చింది అని.

తర్వాత అంతా చెప్పింది. అమ్మ మొదటిరోజు వచ్చి కూర్చున్నప్పుడు హిందీలో ఒక్క ముక్క రాదు. వచ్చినవాళ్ళు ఇదేమిటంటే కాడ అనేది. ఎంతంటే వేళ్ళు చూపించేది. ఎప్పుడు పీకావంటే కూడా కాడ అనేది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కాడావాలీ, కాడావాలీ అని వెక్కిరించారు. అయితే ఆ కట్టలు చూసినవాళ్ళు మళ్ళీ వచ్చారు. కడిగినవి, తలలన్నీ ఒక వరసలో ఉన్నవి, ఆకుతోనే ముడేసినవి. రెండు చలికాలాలు తిరిగేసరికి జనం బిసాహిన్ దగ్గరికొచ్చి "నీ దగ్గర గోందలీయే ఉందా, కాడా లేదా?" అని అడిగి వెళ్ళిపోవడం మొదలుపెట్టారట.

"నా గోందలీ భాజీ కూడా అదే మొక్క కదా! మరి నేనేం చేసేది? మీ అమ్మ కట్టినట్టే కట్టి, కాడా అని అరిచాను. అమ్ముడుపోయింది. తర్వాత అందరూ అరిచారు."

అమ్మ చేతిలో కట్ట అలాగే ఉండిపోయింది. "ఓలమ్మ! ఇది మన కాడేటే?" అంది.

మనకి ఇందులో విశేషం ఏమీ కనిపించదు. పువ్వుకి కాడ ఉంటుంది, బచ్చలికి కాడ ఉంటుంది, ఉల్లికి ఉండేది ఉల్లికాడ. తెలుగింట్లో అందరి నోట్లోనూ రోజూ నలిగే మాట. మా అమ్మ దాన్ని సగం చేసి, ఉల్లిని ఇంటి దగ్గర వదిలేసి, కాడని మాత్రం తెచ్చి ఈ బజార్లో గుచ్చింది. వేలమంది దాన్ని నోట్లో పెట్టుకుని తిరుగుతున్నారు. ఎవరిదో ఎవరికీ తెలీదు, గుచ్చినావిడతో సహా. నాకు గర్వమనిపించింది. దుపట్టా తలమీంచి తీసేశాను. అప్పుడు తీశానని నాకు ఇంటికెళ్ళాక గుర్తొచ్చింది.

గర్వం బాగానే ఉంది. కాగితమో? దేవాంగన్ జీకి కావలసింది రాసి ఉన్నది. జనవరి వచ్చేసింది. నేను పాత పేపర్లు వెతికాను, బజారు ఫొటోలు ఎవరి దగ్గరైనా ఉన్నాయేమోనని అడిగాను. ఒక కిరాణా సేఠ్ తన పెళ్ళి ఊరేగింపు ఫొటో తెచ్చాడు. అందులో గుర్రం వెనక ఒక ఆడమనిషి మోచెయ్యి ఉంది. అది అమ్మదే అని ఆయన ఒట్టేశాడు. ఆ మోచేతికున్న గాజులు మా అమ్మవి కావు.

సంక్రాంతి దాటిన ఆదివారం, పొద్దున్నుంచీ ఏమీ తినలేదని రాజేష్ బండి దగ్గర నిలబడి భుర్జీ అడిగాను. గాలి ఆగడానికి అతను బండికి వెనకవైపు ఒక పెద్ద రేకు కట్టుకున్నాడు. నూనె జిడ్డు, పొగ పట్టి నల్లగా ఉంది. అతను గుడ్లు గిలక్కొడుతూ, కాడలు తరిగి వేస్తూ ఉంటే, పొగ మధ్యలో ఆ రేకు మీద ఒక తెల్లటి గీత కనపడింది. హిందీ అక్షరాల పైగీతలా ఉంది.

"రాజేష్ భయ్యా, ఈ రేకు ఎక్కడిది?"

"కమిటీ వాళ్ళ పాత బోర్డు దీదీ. కొత్తది పెట్టినప్పుడు దీన్ని పాత ఇనుం కొనే కబాడీవాడికి వేశారు. వాడి దగ్గర కొన్నాను."

భుర్జీ సంగతి మర్చిపోయాను. కిరసనాయిలు, పాత గుడ్డ తెచ్చి రుద్దాను. ఆదివారమైనా మెడలో వేసుకొచ్చిన ఐడీ కార్డు ఊగుతూ అడ్డం వస్తుంటే తీసి రాజేష్ గుడ్ల ట్రేలో పడేశాను. ముందు 'సబ్జీ బజార్, గుఢియారీ' వచ్చింది. తర్వాత 'భావ్ సూచీ', అంటే ఆనాటి ధరల పట్టీ. పక్కనే సంవత్సరం, 2004. ఆలూ, ప్యాజ్, బైంగన్, పాలక్, లాల్ భాజీ. వాటి కింద ఎర్ర రంగుతో, పెయింటరు చేతి ఒంపులతో, 'కాడా'.

నేను వేసిన కేకకి బిసాహిన్ లేచి నిలబడింది. అమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. తనకి హిందీ అక్షరాలు రావు. ఆ రెండక్షరాల మీద వేలు పెట్టించి చదివాను. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని జిడ్డు కొంగుకి తుడుచుకుంది.

"రేకు ఇప్పుతావేటి, బాబూ?" అని తెలుగులోనే అడిగింది రాజేష్‌ని.

"విప్పితే బండి పడిపోతుంది దీదీ. హియరింగ్‌కి బండే తోసుకొస్తాను" అన్నాడతను. ఇన్నేళ్ళకి అమ్మ తెలుగు అతనికీ అర్థమవుతోంది.

జనవరి ఆఖరి ఆదివారం కొత్త షెడ్డు కింద జనం. అరుగుల మీద ఇంకా సున్నం వాసన. మూడు అరుగులకి పదకొండుమంది వచ్చారు. దేవాంగన్ జీ బల్ల వెనక కూర్చున్నాడు. మా వంతు ఎనిమిదో పేరు. అప్పటికే రెండు అరుగులు పోయాయి. ఒకటి పాత కరెంటు బిల్లు చూపించిన చెప్పులాయనకి, ఇంకొకటి పేపర్లో ఫొటో పడిన కుండల ముసలాయనకి.

రాజేష్ బండి తోసుకుంటూ వచ్చాడు, స్టవ్వుతో సహా. జనం దారిచ్చారు. దాని వెనకాలే ఇంకొకరు వస్తున్నారు. డ్యూటీలోంచి సరాసరి వచ్చిన నాన్న, ఒంటి మీద ట్రాక్‌మన్ నారింజ కోటు. అమ్మ పక్కకి వెళ్ళి, మోకాలు పట్టేస్తున్నా, కింద గోనెపట్టా మీద కూర్చున్నాడు. నాన్న బజార్లో అమ్మ పక్కన కూర్చోవడం మా క్వార్టర్ల వాళ్ళెవరూ అంతవరకు చూసి ఉండరు. ఆ రోజు ముగ్గురు చూశారు.

దేవాంగన్ జీ కళ్ళజోడు పెట్టుకుని బోర్డు చదివాడు.

"ఇది మాదే. నేనే దగ్గరుండి రాయించాను" అని నవ్వాడు. "బాగానే ఉంది. ఇందులో మీ అమ్మ పేరెక్కడుంది, బేటీ?"

"ఆరో లైన్లో ఉంది, సర్."

"కాడా? అది సరుకు. కాడా ఎవరైనా అమ్మి ఉండచ్చు."

"సర్, మీ అమ్మగారు దీన్ని ఏమనేవారు?" అని బల్ల మీద ఒక కట్ట పెట్టాను.

ఆయన కళ్ళజోడు మీంచి ఆ కట్టని చూశాడు.

"గోందలీ భాజీ" అన్నాడు.

"మీ నాయనమ్మగారు?"

"ఆవిడా అంతే."

"మరి బోర్డు మీద గోందలీ భాజీ అని ఎందుకు రాయించలేదు?"

"అప్పటికి అందరూ కాడా అనే అడిగేవారు కదా" అని, ఆ మాట తనే విన్నట్టుగా ఆగాడు. అరుగుల దగ్గర ఉన్న పెద్దాడవాళ్ళ వైపు తిరిగాడు. "మీరంతా చిన్నప్పుడు ఏమనేవారు?"

"గోందలీ!" అన్నారు పదిమంది ఒక్కసారి. బిసాహిన్ గొంతు అందరి మీదా వినపడింది.

"సర్, కాడ అనేది మా తెలుగు మాట. అంటే మొక్కకి ఉండే లేత దంటు. ఈ బజార్లో కూర్చున్న తెలుగు మనిషి అప్పుడూ ఇప్పుడూ ఒక్కతే. ఆవిడ రాకముందు మీ దగ్గర ఈ మాట లేదు. 2004లో మీ బోర్డు మీద ఉంది. మా దగ్గర ఉన్న కాగితం ఇదే."

ఇక్కడితో ఆపెయ్యచ్చు. లాయరులా బాగానే మాట్లాడాను. కానీ కడుపులో మిగిలిపోయింది ఒకటుంది. అది కూడా హిందీలోనే, అందరికీ వినపడేలా అన్నాను.

"సర్వేలో అమ్మ పేరు పోవడానికి కారణం నేను. మా ఇంట్లో ఎవరూ ఏమీ అమ్మరని చెప్పాను. సిగ్గుపడి చెప్పాను. ఆవిడ ఇరవై ఏళ్ళుగా ఇక్కడే కాడా అమ్ముతోంది. నన్ను చదివించింది."

షెడ్డులో ఎవరో దగ్గారు. రాజేష్ స్టవ్వు సిమ్‌లో పెట్టాడు. అమ్మ నా వైపు చూడలేదు, ముందున్న కట్టల తలలు సరిచేస్తోంది. అవి సరిగ్గానే ఉన్నాయి.

దేవాంగన్ జీ ఆ కట్ట చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, ముడి దగ్గర బొటనవేలితో నొక్కి చూశాడు.

"మా ఆవిడ నాతో మొదటిసారి కాడా తెమ్మన్నప్పుడు, అదేమిటని అడిగాను. వెళ్ళి మద్రాసిన్ దగ్గర అడగండి, చూపిస్తుంది అంది" అన్నాడు, ఎవరితోనో ప్రత్యేకంగా కాదు. కలం మూత తీశాడు. "పేరు చెప్పండమ్మా."

"బంగారమ్మ" అంది అమ్మ. అంత గట్టిగా తన పేరు తను చెప్పడం నేను అప్పుడే విన్నాను.

రాశాడు. కింద ఏమమ్ముతారన్న గడి ఉంది. అది ఆయన అడగలేదు. తనంతట తనే రాసుకున్నాడు.

అరుగు నంబరు పద్నాలుగు. షెడ్డులో ఈలలు మొదలయ్యాయి. బిసాహిన్ అమ్మని వాటేసుకుని, ఇకనుంచి కాడా అన్నందుకు రుసుము అడుగుతావేమోనని ఎగతాళి చేసింది. నాన్న గోనెపట్టా మీంచి లేవడానికి చెయ్యి చాపాడు. అమ్మ ఆ చెయ్యి పట్టుకుని లేపింది. రాజేష్ ఆ రోజు ఎవరు అడిగినా భుర్జీలో కాడలు రెండింతలు వేశాడు.

ఫిబ్రవరి రెండో ఆదివారం అరుగులు ఇచ్చారు. అప్పటికి బిసాహిన్ వాళ్ళ పెరటి తోటలో రెండు మళ్ళు అమ్మకి కుదిరాయి. క్వార్టరు ఖాళీ చేసినా నేల లేదనే బెంగ లేదు. చలికాలం ఆఖరి కాడలు అరుగు నిండా పేర్చాం. కమిటీ గదిలో వేలిముద్ర వేయాలని పిలుపొస్తే అమ్మ లేచింది.

"సూత్తుండు" అని నన్ను కూర్చోబెట్టి వెళ్ళింది.

జనం వస్తున్నారు, పోతున్నారు. అమ్మ లేని అరుగు దగ్గర ఎవరూ ఆగడం లేదు. బిసాహిన్ "కేకెయ్యి, నోనీ" అన్నట్టు గడ్డం ఎగరేసింది. అప్పుడే పూర్ణిమ కనపడింది, వాళ్ళమ్మతో, చేతిలో సంచీతో. నన్ను చూసి ఆగిపోయింది.

"మాలతీ! నువ్విక్కడేంటి?"

"ఇది మా అమ్మ అరుగు" అన్నాను. "ఆ రోజు నువ్వు తిన్నావే, ఆ బజ్జీలు వేసింది ఈ అరుగావిడే. నీ ముందు అబద్ధం చెప్పాను."

పూర్ణిమ నన్నూ, కట్టలనీ చూసింది. వాళ్ళమ్మ అప్పటికే వంగి ఒక కట్ట తీసి చూస్తోంది. "అరే, కాడా! ఎంత బాగున్నాయో" అంటోంది, తెలీబంధాలో ఉండే పెద్దావిడ.

నేను లేచి నిలబడ్డాను. గొంతు సవరించుకుని "కాడా..." అన్నాను. అది నా పక్కవాళ్ళకి కూడా వినపడి ఉండదు.

షెడ్డు ఆ చివర, కమిటీ గది గుమ్మంలోంచి, వేలికి సిరాతో అమ్మ అరిచింది.

"అలాగ కాదే! దీర్ఘం తియ్యి! సివరిదాకా ఇనపడాల!"

అందరూ నవ్వారు, పూర్ణిమతో సహా. నేను ఊపిరి పీల్చుకుని తీశాను. కాడా అని, ఇరవై నాలుగేళ్ళుగా అరవని మాట, రేకుల షెడ్డు మారుమోగేలా తీశాను. బిసాహిన్ అందుకుంది, ఆ వరసంతా అందుకుంది. అమ్మ సిరా చెయ్యి తుడుచుకుంటూ తిరిగి వచ్చేసరికి పద్నాలుగో అరుగు మీద ఒక్క కట్టా మిగల్లేదు.